బాలింత కళ్ళు

ముందు నా తప్పు ఒప్పుకుంటాను. తాన్ షుయీ పురుటి నొప్పులు పడుతున్న రోజున "ఈరోజు అధ్యాయం ఏది? బద్ధకమా?" అని ఆమె నవల కింద కామెంట్ పెట్టినవాళ్లలో నేనూ ఉన్నాను. ఎనిమిదేళ్లుగా ఆన్‌లైన్‌లో రోజుకో అధ్యాయం పెడుతోంది. మాకు అలవాటైపోయింది.

బిడ్డ మూడు వారాలు ముందే పుట్టింది. నవల్లో పడవ నడిపే ఆవిడ వరద నది మధ్యలోనే ఉండిపోయింది. షుయీ మంచం మీద ఉండిపోయింది. చైనాలో వాళ్లుండే చాంగ్‌షాలో బాలింతకి నెల రోజులు తలస్నానం లేదు, చన్నీళ్లు లేవు, కిటికీ తెరవకూడదు. అత్తగారు ఊరి నుంచి దిగగానే కోడలి ఫోన్ తన సూట్‌కేసులో పెట్టి తాళం వేసింది.

"ఈ నెల కళ్ళకి పని చెప్పావంటే ముసలితనంలో నీళ్లు కారుతూనే ఉంటాయి. మా అక్కని చూశాగా."

ఆవిడే రోజూ కోడలి పాదాలకి మేజోళ్లు తొడుగుతుంది, పాలు పడాలని వేరుశనగలు వేసి పందికాళ్ల పులుసు కాస్తుంది. అందులో ప్రేమా ఉంది. అందుకే షుయీ ఫోన్ ఇమ్మని అడగలేకపోయింది. పడుకుని రోజులు లెక్కపెట్టుకుంది. ముప్పై రోజులు కొత్త అధ్యాయం రాకపోతే ఆ సైటు నవల మీద 'వదిలేశారు' అని ముద్ర వేస్తుంది. ఆ ముద్ర పడ్డాక ఎవరూ తెరవరు. ఇన్నేళ్లూ వంటగట్టు మీద, అన్నం ఉడికేలోపు, ఆఫీసుకి పరిగెత్తేలోపు రాసిందంతా పోతుంది. ఇంటికొచ్చినవాళ్లతో భర్త కుయాంగ్ జిన్ నవ్వుతూ అనేవాడు, "ఏం లేదు, కాలక్షేపానికి ఏదో టైపు కొడుతుంటుంది." ఆ 'కొట్టడం' మధ్యలో ఎన్నిసార్లు పిలిచేవాడో! సాక్సులెక్కడ, ఉప్పెక్కడ, ఇంకా కాలేదా.

ఇరవై తొమ్మిదో రోజు మధ్యాహ్నం జిన్ తన ల్యాప్‌టాప్ తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

"ఆఫీసులో ఏడాది నివేదిక ఇవ్వాలి. మూడు వేల అక్షరాలే. నీకు చిటికెలో పని కదా."

షుయీ అత్తగారి వైపు చూసింది. "మరి కళ్ళో, అత్తయ్యా?"

"కాసేపేగా. కొంచెం దూరంగా పెట్టుకో. వాడి ప్రమోషన్ సంగతమ్మా!"

తలుపు మూశారు. పాప ఏడిస్తే ఆవిడే ఎత్తుకుని అవతలి గదిలోకి వెళ్లింది. జిన్ టీవీ కట్టేశాడు. రెండు గంటలు ఎవరూ పిలవలేదు. ఎనిమిదేళ్లలో ఇదే మొదటిసారి. షుయీకి ఏడుపొచ్చింది. ఆ ఏడుపుతోనే రాసింది.

"అయిందా?" జిన్ లోపలికొచ్చాడు.

"అయింది."

తెర మీద 'వార్షిక నివేదిక', కింద అతని పేరు. మిగతాదంతా తెల్లగా ఉంది.

"ఇదేంటి? ఇంతసేపూ ఏం చేశావ్?"

"మా పడవావిడని ఒడ్డుకి చేర్చాను. సైట్లో పెట్టేశాను కూడా." షుయీ ల్యాప్‌టాప్ మూసి అతని చేతికిచ్చింది. "నీది మొదలుపెట్టేసరికి కళ్ళు మండాయి జిన్. అత్తయ్య చెప్పింది నిజమే. ఈ నెల కళ్ళకి పని చెప్పకూడదు."

గుమ్మంలో అత్తగారు పులుసు గిన్నెతో నిలబడిపోయింది.

ఆ అధ్యాయం అందిన నిమిషంలోనే నేను చదివాను. ఇంట్లో జరిగిందంతా ఆ తర్వాత ఆమే సైట్లో రాసింది. మరి మీ ఇంట్లో ఏ పనికి మీ కళ్ళు పాడవుతాయి, ఏ పనికి పాడవవు? రాయండి. ఎప్పటికైనా సరే. ఆలస్యమైందేమని ఈసారి అడగను.