ఈసారి మీరే రావాలి

ఎజెల్ పెట్‌వే బెతెల్ స్ప్రింగ్ కాలేజీకి వ్యాయామం మేష్టారుగా వచ్చాడు. అక్కడి బేస్‌బాల్ జట్టు ఎవరికీ పట్టని సవతిబిడ్డ. కొత్తవాడు దొరికాడు కదా అని దాన్ని తెచ్చి అతని నెత్తిన పెట్టారు. అలబామాలో నల్లవాళ్ళ కాలేజీకి మైదానం ఇచ్చేదెవరు? పాత పత్తిమిల్లు వెనకాల బీడును కుర్రాళ్ళతో కలిసి తనే చదును చేసుకున్నాడు. కుడివైపు మెరక మాత్రం ఎంత తవ్వినా లొంగలేదు. "దాని పొగరు దానిది, ఉండనీండి" అని వదిలేశాడు.

నది అవతల తెల్లవాళ్ళ పెద్ద యూనివర్సిటీతో ఏటా ఒక ఆట ఉండేది. ఒక ఏడు అక్కడ, ఒక ఏడు ఇక్కడ అని ఒప్పందం. ఆ 'ఇక్కడ' మాత్రం ఎన్నడూ రాలేదు. ఒకసారి వాన అన్నారు, ఒకసారి పరీక్షలన్నారు. ప్రతిసారీ పెట్‌వే జట్టే బస్సెక్కి వెళ్ళేది. గదులు ఖాళీ లేవంటే కుర్రాళ్ళు బస్సులోనే బట్టలు మార్చుకునేవాళ్ళు.

1973 వసంతంలో అక్కడి కోచ్ గార్లండ్ స్టోక్స్ ఫోన్ చేశాడు.

"ఏమోయ్ ఎజెల్, ఈసారీ మా దగ్గరే పెట్టేద్దాం. మీ కుడిపక్క ఆ గుట్టేంటి, మావాళ్ళ కాళ్ళు విరుగుతాయి."

"కోచ్ పెట్‌వే అనండి. మిమ్మల్ని నేను గార్లండ్ అనడం లేదుగా."

అతను బదులిచ్చేలోపే పెట్‌వే మళ్ళీ అందుకున్నాడు.

"మా పిల్లలు దానిమీద రోజూ ఉరుకుతున్నారు. ఒక్కడి కాలూ విరగలేదు. ఈసారి మీరే రావాలి."

"రాకపోతే?"

"మేం మాత్రం ఉంటాం."

సంగతి తెలిసి కాలేజీ అధ్యక్షుడు మెరివెదర్ పిలిపించాడు. "వాళ్ళతో పెట్టుకుంటే మనకేం ఒరుగుతుందయ్యా? పోయి ఆడొస్తే పోలా?"

"ఇన్నాళ్ళూ పోయి ఆడొచ్చాం సార్. కావాలంటే ఈసారి ఆ బస్సులో మీరు వెళ్ళండి. నేనెక్కను."

ఆ మాట అనడం తేలికే అయింది. క్లియోఫస్ బ్యాంక్స్‌కి జవాబు చెప్పడమే కష్టమైంది. జట్టులో బంతి విసిరేది వాడే. బంతి విసరడంలో రాష్ట్రంలోనే వాడికి సాటి లేరు.

"ఆటగాళ్ళను ఏరుకునే స్కౌట్లు అక్కడికే వస్తారు కోచ్. పెద్ద లీగుల వాళ్ళు నన్ను చూసే రోజు అదొక్కటే. మీ పౌరుషం కోసం నా చెయ్యి బలి పెడతారా?"

పెట్‌వే ఇంటికెళ్ళి భార్య ఒడెస్సాకి చెప్పాడు.

"వాడన్నదాంట్లో అబద్ధముందా?" అందామె.

"లేదు."

"మరి?"

"వాడు మళ్ళీ ఆ బస్సులో వంగి వంగి ప్యాంటు మార్చుకుంటుంటే నేను చూడలేను ఒడెస్సా."

ఆట రోజు పెట్‌వే తెల్లారకుండానే మైదానంలో సున్నపు గీతలు గీశాడు. జట్టంతా ఉతికిన దుస్తుల్లో వరస కట్టింది. జనం గట్టునిండా కూర్చున్నారు. అంపైర్ టటిల్ వచ్చాడు. వేళయింది. అవతలి జట్టు మాత్రం రాలేదు.

"ఆట మొదలని కేకెయ్యండి" అన్నాడు పెట్‌వే.

"బ్యాటు పట్టేవాడే లేడు కదయ్యా!"

"రూలు మీకు తెలుసు. అయిదు నిమిషాల్లో రాకపోతే వాళ్ళు ఓడినట్టే."

తెల్లాయన టటిల్ టోపీ తీసి తల గోక్కున్నాడు. "ఇది రాశానంటే ఊళ్ళో నాకెవడూ కాఫీ కూడా పొయ్యడు."

"మా ఇంటికి రండి, ఒడెస్సా పోస్తుంది."

ఆయన గొంతు సవరించుకుని కేకేశాడు. క్లియోఫస్ బంతి పట్టుకుని బ్యాటు పట్టేవాడు ఉండాల్సిన ఖాళీ చోటుకేసి చూస్తూ నిలబడ్డాడు. గట్టుమీద జనం గడియారాలు చూసుకున్నారు. అయిదు నిమిషాలూ అయిపోయాక టటిల్ చెయ్యెత్తి "బెతెల్ స్ప్రింగ్, తొమ్మిది సున్నా!" అన్నాడు. రాని జట్టుకు అదే లెక్క. గట్టు గట్టంతా లేచి అరిచింది.

మర్నాడు పత్రికలో ఆ స్కోరు పడింది. ఎందుకు, ఎలా అన్నది లేదు, అంకెలు మాత్రమే. స్టోక్స్‌ని మంగలి కొట్లో కూడా ఆటపట్టించారట. ఫోన్‌లో నిప్పులు కక్కాడు. "శనివారం వస్తున్నా. నిజంగా ఆడి చూపిస్తాం!"

"రండి. ఎదురుచూస్తుంటాం."

వెంటనే పెట్‌వే తనకు తెలిసిన ప్రతి స్కౌట్‌కీ ఫోన్ చేశాడు. శనివారం ముగ్గురొచ్చారు. యూనివర్సిటీ జట్టుకోసం వ్యాయామశాల తెరిపించి, తువ్వాళ్ళు పెట్టించాడు.

"వాళ్ళు మనకేమిచ్చారని?" అని రుసరుసలాడారు కుర్రాళ్ళు.

"అది వాళ్ళ ఇంటి మర్యాద. ఇది మనిల్లు."

ఆ రోజు క్లియోఫస్ చేతిలోంచి బంతి ఈలవేస్తూ వెళ్ళింది. అయినా చివరి ఘడియలో అవతలివాడి బ్యాటుకు ఒక బంతి గట్టిగా తగిలి, మూడు రెండుతో బెతెల్ స్ప్రింగ్ ఓడింది.

స్టోక్స్ చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "ఇదీ అసలు స్కోరు, పెట్‌వే."

"అవును, బాగా ఆడారు. వచ్చే ఏడు మేమొస్తాం. గది తాళం తీయించి ఉంచండి. లేదంటే మీ మైదానం నడిబొడ్డున, మీ ఆడవాళ్ళూ పెద్దలూ చూస్తుండగా బట్టలు మార్చుకుంటాం. ముందు నేను మొదలెడతా."

స్టోక్స్ అతని మొహంలోకి పరీక్షగా చూశాడు. అందులో వేళాకోళం లేదు.

ఒక స్కౌట్ క్లియోఫస్‌తో మాట్లాడుతున్నాడు. పెట్‌వే అటు వెళ్ళలేదు. పార తీసుకుని, బంతి విసిరేవాడు నిలబడ్డచోట పడిన గుంటలు పూడ్చడం మొదలెట్టాడు. కాసేపటికి క్లియోఫస్ వచ్చి పక్కన నిలబడ్డాడు.

"వేసవిలో రమ్మన్నారు కోచ్."

"వెళ్ళు."

"మీ మీద నా కోపమింకా పోలేదు."

"పోనక్కర్లేదు. ఆ నీళ్ళ బకెట్ ఇలా పట్టుకురా."