పల్చటి చపాతీలు

"ఇంట్ల కూసొని తినుడే గదా నీ పని, ఆండాలూ" అంటూ మా ఆయన బయట తాళం వేసి డ్యూటీకి పోయేవాడు. రోజూ అదే మాట, అదే తాళం. మస్కట్‌లో మూడో అంతస్తు, తొంభై ఒకటో సంవత్సరం. మా ఆయన పాండు మన దేశపు ఇంజనీరు ఒకాయన దగ్గర డ్రైవరు. ఆ ఇంజనీరు మా పక్క ఫ్లాటులోనే ఉండేవాడు. నీకు అరబ్బీ రాదు, తప్పిపోతవు, తాళం నీ మంచికే అనేవాడు పాండు. సూర్యాపేట నుంచి మా అత్త సత్తెమ్మ ఉత్తరం రాయించేది: "మొగడు గంత భద్రంగ సూసుకుంటుంటే నీకేం తక్కువ?" బంగారాన్ని భద్రంగా చూసుకుంటారు. బంగారం అంట్లు తోమదు, బట్టలుతకదు.

మా వంటగదిలో ఇంకో తలుపుండేది. మా వైపు గడియ లేదు, పిడి లేదు, రంగు పూసి మూసేశారు. అవతల మెట్లున్నాయని పాండు చెప్పాడు. నమ్మాను. ఒక మధ్యాహ్నం ఆ తలుపు మీద చప్పుడైంది. పైన కాదు. కింద, నా మడమల దగ్గర.

"అమ్మా, అద్దాలు! గుండ్రటి అద్దాలు! తీస్కుంటవా?"

తెలుగు. అందులోనూ మన దిక్కు తెలుగు. నేల మీద బోర్లా పడుకుని తలుపు సందులో నోరు పెట్టాను.

"ఎవరే నువ్వు?"

"గౌరీబాయి. పాలకీడు కాడ తండా. నీదేవూరు?"

"సూర్యాపేట."

"అయితే మనోళ్లే. ఒక అద్దం తీస్కో అక్కా."

"నా దగ్గర పైసలుండయి."

"పైసలెవరడిగిన్రు? రెండు చపాతీలియ్యి."

సందులోంచి రూపాయి బిళ్లంత అద్దం జారి వచ్చింది. నేను చపాతీలు అవతలికి తోశాను.

ఇక వదల్లేదు. రోజూ పిలిచేది, వద్దంటే పోయేది కాదు. "నిన్నటి చపాతి మందం. సందుల పట్టక సగం చినిగింది. పల్చగ చెయ్యరాదా? మీ అత్త ఏం నేర్పిందే నీకు!" నాకు నవ్వొచ్చేది. నేనూ బేరమాడేదాన్ని. "దీనికి గీత పడ్డది, ఒకటే ఇస్త." "గీత నీ మొఖం మీదుందేమో, తుడుచుకొని సూడు." ఒకసారి మొండికేసి రెండు రోజులు ఏమీ ఇవ్వలేదు. మూడో రోజు సగం చపాతీకే ఒప్పుకుంది. గెలిచానని మురిసిపోయాను.

ఆమె మీద నాకు మనసు పడింది. దాచడానికేముంది? పొద్దున్నే పని తెముల్చుకుని, తల దువ్వుకుని ఆ తలుపు దగ్గర కూర్చునేదాన్ని. మొగుడి కోసం అట్లా ఒక్కనాడూ కూర్చోలేదు. "తిన్నవా?" అని అడిగేది. నన్ను ఎవరూ అడగని మాట. అడిగి ఊరుకునేది కాదు. ఏం తిన్నవ్, ఎట్ల చేసినవ్, ఉప్పు ఎంతేసినవ్, అన్నం మెత్తగయ్యిందా అని చివరి ముద్ద దాకా చెప్పించుకునేది.

ఒక్క సంగతి మాత్రం వెన్నులో చలి పుట్టించేది. ఆమె వచ్చేటప్పుడు అడుగుల చప్పుడుండేది కాదు. పోయేటప్పుడూ ఉండేది కాదు. మాటలయిపోయాక నేను అట్లాగే పడుకుని వింటే, అవతల నేల మీద ఊపిరి వినిపించేది. తిరిగి అమ్ముకునే మనిషికి ఇంకో ఇల్లే లేదా? పాండును అడిగాను. అన్నం కలుపుతున్న చెయ్యి ఆగింది. "గాడ ఎవ్వరు లేరు. ఒక్కదానివే ఉండి మతి పోయింది నీకు." నాకూ ఆ అనుమానమే పట్టుకుంది. అద్దాలు నిజంగా ఉన్నాయా అని పోపుల డబ్బా తీసి తడిమి చూసుకునేదాన్ని.

ఇంతలో మా అత్త కాలు విరిగింది. ఎత్తి కూర్చోబెట్టడానికి మనిషి కావాలి కాబట్టి పాండు నన్ను ఊరికి పంపాడు. ముందు రోజు గౌరికి చెప్పాను. ఆ రోజు ఆమె బేరమాడలేదు. ఇట్లా అంది: "మా తండకు పో అక్కా. నేను మంచిగున్న అని మాత్రం సెప్పకు."

పరాచికమనుకున్నాను.

అత్తను దవాఖానకు తిప్పుతూ రెండు నెలలు గడిచాయి. ఆమె కర్ర పట్టుకుని నడిచిన మర్నాడు మిర్యాలగూడ బస్సెక్కి, అక్కణ్నుంచి పాలకీడు పోయి తండా వెతుక్కున్నాను. గౌరి తల్లి కమలాబాయి వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది.

"మీ బిడ్డ మంచిగుంది" నోరు జారనే జారింది. "అద్దాలు అమ్ముతుంది. గట్టిది! నా దగ్గర చపాతీలన్నీ గుంజుకుంది." కొంగుముడి విప్పి అద్దాలు చూపించాను.

కమలాబాయి ఒక్కో అద్దాన్ని తిప్పి చూసింది. అంచులకు ఎర్ర దారపు పోగులు అంటుకుని ఉన్నాయి.

"ఇవి నేను కుట్టినయే బిడ్డా. దాని పెండ్లి లంగ మీదియి." ఒక అద్దాన్ని కొంగుతో తుడిచింది. "అమ్మేదెక్కడిది? ఇంజనీరింట్ల పనికి పోయింది. సామాన్లర్రల ఏసి తాళం పెడుతున్రు, తిండి పెడుతలేరని ఒక్క ఉత్తరం రాయించింది. ఏజెంటు కాళ్లు మొక్కినం. మంచిగనే ఉన్నదని సెప్పి పంపిండు. రెండేండ్లాయె."

మెట్లు లేవు. తలుపు అవతల ఉన్నది ఇంజనీరు సామాన్ల గది. ఆమె రాలేదు, పోలేదు. ఆకలైతుందంటే ఇంజనీరు డ్రైవరు పెండ్లాం పెడుతుందో, పోయి ఇంజనీరుకే చెప్తుందో తెలియక, ఒంటి మీది అద్దాలు ఊడదీసి అమ్మింది. నేను ఆ ఆకలితో బేరమాడాను. మాడబెట్టి గెలిచాను. పాండు చెయ్యి అన్నంలో ఎందుకు ఆగిందో అప్పుడర్థమైంది. ఆయనకు తెలుసు.

కమలాబాయిని వెంటబెట్టుకుని సూర్యాపేట వచ్చాను. సంగతి విని సత్తెమ్మ వాకిట్లో అడ్డం నిలబడింది.

"లంబాడిదాని కోసం నా కొడుకు నౌకరి తీస్తవానే? రేపు నిన్నెవడు సాకుతడు?"

"నీ కాలు విరిగితే ఎవరు సాకిన్రు అత్తా? జరుగు."

పోలీస్ స్టేషన్‌లో రైటర్ మొదట నవ్వాడు. "మస్కట్ ముచ్చట మాకెందుకమ్మా?" ముందు రాయి, పైకి ఎట్ల పంపాలో తర్వాత చూద్దువు, రాసేదాక లేవనని బల్ల మీద కూర్చున్నాను. బిల్డింగు పేరు చెప్పాను, అంతస్తు చెప్పాను, ఇంజనీరు పేరు చెప్పాను, డ్రైవరు పేరు చెప్పాను. ఆ డ్రైవరు నీకేమైతడని అడిగాడు. అదీ చెప్పాను. అతను పెన్ను ఆపి నన్ను కిందికీ మీదికీ చూశాడు.

"ఎంతమందిని తాళమేసి పెట్టిన్రు?"

కమలాబాయి ఒక వేలు ఎత్తింది.

"ఇద్దరిని" అన్నాను. "ముందు ఆమె పేరు రాయి. ఆమె ఇంకా లోపలే ఉంది."