మల్లీశ్వరి ఇచ్చిన బయానా

"ఏమే, ఆ ఫోను పొయ్యిలో పడెయ్. టీ అడిగి ఎంతసేపయింది?"

వరండాలోంచి అమర్నాథ్ కేకేసేసరికి మల్లీశ్వరి పొయ్యి ముందే ఉంది. పాలు కాగేదాకా ఎట్లాగూ నిలబడాలి కదా అని ఫోనులో ఆట ఆడుతూ బస్సు సర్దుతోంది. నరసరావుపేట నుంచి మాచర్ల పోయే పల్లెవెలుగు బస్సది. మిరపకాయలు కుక్కిన గోనె టిక్కీ, పాల క్యాను, బుట్టలో రెండు కోళ్ళు, చంకలో పిల్లతో ఒక తల్లి, పెళ్ళికి పోతున్న ముసలాయన, అందరినీ డ్రైవరు హారన్ కొట్టేలోగా ఎక్కించి, ఇరికించి, కూర్చోబెట్టాలి. కోళ్ళబుట్ట ముసలాయన సీటు కిందికి తోసిందో లేదో బస్సు కదిలింది, ఫోను ఈల వేసింది, మల్లీశ్వరి పకపకా నవ్వింది. ఇక్కడ పాలు పొంగి పొయ్యంతా పారాయి.

అమర్నాథ్‌ది పొలాలూ స్థలాలూ బేరం కుదిర్చే పని. పొద్దున లేస్తే వరండా నిండా మనుషులు. బేరం మొదలవకముందు ఒక టీ, మధ్యలో అలిగి లేచినవాణ్ణి బుజ్జగించి కూర్చోబెట్టాక ఒక టీ, కుదిరాక ఇంకొకటి. పెళ్ళయి వచ్చిన దగ్గర్నుంచి ఆ టీలు పెట్టిందీ ఆ గ్లాసులు కడిగిందీ మల్లీశ్వరే. ఒకసారి సరదాగా, "కమీషన్లో నాకేమన్నా వస్తుందా?" అని అడిగింది. "ఇంట్లో మనిషివి, నీకు కమీషనేందే పిచ్చిమొహమా" అన్నాడు మొగుడు. వరండా అంతా నవ్వింది. ఆమె కూడా నవ్వి, లోపలికొచ్చి అడుగంటని గిన్నెని కూడా అరగదీసినంత పని చేసింది. కోపం ఎక్కడన్నా తీర్చుకోవాలిగా మరి.

ఆ వరండాకి ఒకే ఒక్క చట్టం ఉంది. బయానా ముట్టిందంటే ఇక మాట తిరగదు. తాంబూలంలో డబ్బు పెట్టి సాక్షి ఎదురుగా చేతికిచ్చాక, ధర పెరిగినా తరిగినా, పెళ్ళాం ఏడ్చినా తమ్ముడు తగాదాకొచ్చినా, ఇచ్చినవాడూ తీసుకున్నవాడూ కట్టుబడాల్సిందే. ఈ విషయంలో అమర్నాథ్ అంత కచ్చితమైన మనిషి ఆ చుట్టుపక్కల లేడని పేరు. ఆ పేరు మీదే ఇల్లు గడుస్తోంది.

మల్లీశ్వరికి బొల్లాపల్లి దగ్గర తల్లి ఇచ్చిన మెట్ట చేను ఉండేది. కందులు తప్ప ఏవీ పండని నేల. "ఇది నీదమ్మా. నీది అంటే నీదే, మీ ఆయనది కాదు" అని తల్లి చచ్చిపోయేముందు చేయి పట్టుకుని మరీ చెప్పింది. ఆ చేను అమ్మితే వచ్చిన ఎనిమిది లక్షలూ మల్లీశ్వరి పేరున బ్యాంకులో ఉన్నాయి. గడువు సోమవారంతో తీరిపోతుంది. "సోమవారం ఒకసారి బ్యాంకుకి వచ్చి సంతకం పెట్టు. వెంకట్రామయ్య వేసే ప్లాట్లలో పెడదాం" అన్నాడు అమర్నాథ్ అన్నం కలుపుకుంటూ. మోటారు కట్టెయ్యమని చెప్పినంత తేలిగ్గా అన్నాడు. మల్లీశ్వరి అన్నంలో మజ్జిగ పోసి లోపలికొచ్చింది. నీది అంటే నీదే అన్న అమ్మ మాట ఎవరికి చెప్పాలి? చెబితే మాత్రం ఎవరు వింటారు?

ఇక ఆ బస్సు ఆట సంగతి. మేడ మీద పోర్షన్లో ఇద్దరమ్మాయిలు అద్దెకుంటారు. ముప్పాళ్ళ నుంచి వచ్చిన భవ్య, మాచర్ల పిల్ల అబిదా. ఇంజనీరింగు కలిసి చదివి, ఉద్యోగాల కోసం హైదరాబాదు పోకుండా ఇక్కడ నరసరావుపేటలోనే ఫోన్లో ఆడే ఆటలు తయారుచేసే కంపెనీ పెట్టారు. రెండు కంప్యూటర్లు, రెండు కుర్చీలు, ఒక ఫ్యాను, ఇదే కంపెనీ. పేరు కిటికీ సీట్ గేమ్స్. ఒకరోజు మల్లీశ్వరి ఆరిన బట్టలు తీయటానికి మేడెక్కితే అబిదా తలుపులోంచి తల బయటపెట్టి, "ఆంటీ, ఈ ఆట కాస్త ఆడి చూస్తారా? ఎక్కడ విసుగొచ్చిందో చెబితే చాలు" అంది.

ఎక్కడ విసుగొచ్చిందో చెప్పమని మల్లీశ్వరిని అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే. కూరలో ఉప్పెందుకు తగ్గిందని అడిగారు, చొక్కా గుండీ ఏమైందని అడిగారు, పిల్లలకి మార్కులెందుకు రాలేదని కూడా ఆమెనే అడిగారు. నీకు విసుగొచ్చిందా అని మాత్రం ఎవరూ అడగలేదు. ఆమె బట్టలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఆడింది. ఆడి ఆడి, "ఆ పిల్లతల్లి మాచర్లదాకా నిలబడే పోవాలా ఏందమ్మా? పాపం, ఎవరన్నా లేచి సీటిస్తే ఏం పోయింది?" అంది. అమ్మాయిలిద్దరూ మొహాలు చూసుకున్నారు. మర్నాడు ఆమెను పిలిచి చూపించారు. బస్సులో ఒక కుర్రాడు లేచి ఆ పిల్లతల్లికి సీటిచ్చాడు, అట్లా ఇప్పించగలిగినవాళ్ళకి ఆటలో ఒక మల్లెదండ బహుమతి వస్తోంది. మల్లీశ్వరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, మరుక్షణం నవ్వొచ్చింది. వంటింటి కిటికీకి దోమల జాలీ కొట్టించమని ఎన్నేళ్ళుగా అడుగుతోందో ఆమెకే గుర్తులేదు. ఇక్కడ నిన్న అన్న మాట ఇవాళ జరిగిపోయింది! అప్పట్నుంచి రోజూ మేడెక్కటమే. బట్టలు ఆరకపోయినా ఎక్కేది.

శుక్రవారం మధ్యాహ్నం ఎక్కేసరికి భవ్య కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"హైదరాబాదు నుంచి ఒకాయన డబ్బు పెడతానంటున్నాడు ఆంటీ. సగం కంటే ఎక్కువ వాటా ఆయనకే కావాలంట. బస్సు తీసేసి, చక్రం తిప్పితే డబ్బులొచ్చే ఆట పెట్టమంటున్నాడు."

"పేకాటలాగానా?"

"అంతకన్నా ఘోరం. కానీ మా దగ్గర డబ్బు అయిపోవచ్చింది. సోమవారం సరేనని చెప్పేద్దామనుకుంటున్నాం."

సోమవారం! తన బ్యాంకు గడువు తీరేదీ ఆరోజే. కిందికొచ్చి వంకాయలు కోస్తూ ఆలోచించింది. ఇది మునిగిపోతే? మునగొచ్చు. బస్సు ఆట ఎవరికీ నచ్చకపోవచ్చు, ఈ పిల్లలకి పెళ్ళిళ్ళై తలోదారిన పోవచ్చు. మరి మొగుడు పిడుగురాళ్ళలో రాళ్ళ మిల్లని పెట్టిన డబ్బేమైంది? లారీ ఏమైంది? రెండూ మునిగాయి. ఊళ్ళో ఒక్కరన్నా ఆయన్ని పిచ్చోడన్నారా? అనుభవం వచ్చిందన్నారు. ఆయన పోగొడితే అనుభవం, తను పెడితే పిచ్చి. పోతే పోనీ, తన డబ్బు తనే పోగొట్టుకుంటే ఎట్లా ఉంటుందో అదీ చూద్దాం. ఆ మాట అనుకోగానే ఒళ్ళంతా తేలికయిపోయింది. అయినా పోవాలని ఎందుకనుకోవాలి, రెండు మూడింతలు కాకూడదా? వంకాయలు నీళ్ళలో పడేసి, చేతులు తుడుచుకుని, మళ్ళీ మేడెక్కింది.

వెళ్ళి ఊరికే డబ్బిస్తాననలేదు. అన్నేళ్ళు తలుపు చాటు నుంచి బేరాలు విన్న మనిషి. నెలకి కరెంటుకెంత, ఎంతమంది ఆడుతున్నారు, ఆడేవాళ్ళ నుంచి డబ్బెట్లా వస్తుంది అని అడిగింది. మధ్యలో వచ్చే ప్రకటనల నుంచి కొంత, కొత్త బస్సులూ కొత్త రూట్లూ కొనుక్కునేవాళ్ళ నుంచి కొంత అని అబిదా ఓపిగ్గా చెప్పింది.

"ఎనిమిది లక్షలు పెడితే రూపాయిలో నాకెంత వాటా ఇస్తారు?"

"పది పైసలు ఆంటీ."

బేరంలో ఎదుటివాడు ధర చెప్పగానే అమర్నాథ్ చేసే పనే మల్లీశ్వరీ చేసింది, గోడ మీద బల్లిని చూస్తూ కూర్చుంది. కాసేపటికి భవ్యే, "పన్నెండు" అంది. ఇంకాసేపు చూస్తే, "సరే, పదిహేను. మీరు ఆ హైదరాబాదాయన కంటే గట్టోళ్ళు ఆంటీ" అంది. ముగ్గురూ కడుపు పట్టుకుని నవ్వారు. జీవితంలో ఇంత సరదా పని ఇంకోటి ఉందా అనిపించింది మల్లీశ్వరికి. ఇన్నాళ్ళూ ఈ సరదా అంతా ఆయనొక్కడే అనుభవించాడన్నమాట!

బీరువాలో చీరల మడతల కింద తన పదివేలున్నాయి. తెచ్చి పళ్ళెంలో తమలపాకులు, వక్కల మీద పెట్టింది.

"అడ్వాన్సా ఆంటీ?" అంది భవ్య.

"అడ్వాన్సు కాదమ్మా, బయానా. ఇది పుచ్చుకున్నాక మీరు ఇంకొకడి దగ్గరికీ, ఆ చక్రం ఆట జోలికీ పోగూడదు, నేను వెనక్కి తగ్గగూడదు. దీనికి సాక్షి ఉండాలి."

సరిగ్గా అప్పుడే అత్తగారు నాగేంద్రమ్మ ఎండబెట్టిన ఉసిరికాయలు చూసుకోవటానికి మెల్లగా మెట్లెక్కి వచ్చింది. పళ్ళెం చూసింది, పిల్లల్ని చూసింది, కోడల్ని చూసింది.

"ఏందే ఇది?"

దాచటానికి మల్లీశ్వరికి మనసొప్పలేదు. "మా అమ్మ చేని డబ్బు వీళ్ళ కంపెనీలో పెడుతున్నా అత్తమ్మా. సాక్షిగా కూర్చుంటారా?"

"మావోడికి తెలుసా?"

"తెలీదు."

అబిదా కుర్చీ వేస్తే ముసలామె కూర్చుంది. తాంబూలం చేతులు మారేదాకా చూసి, కర్ర అందుకుని కిందికి దిగిపోయింది. మల్లీశ్వరికి ఆ రెండు రోజులూ అన్నం సయించలేదు. అత్తగారు కొడుకుతో ఒక్క మాటంటే చాలు, సోమవారందాకా పోకుండా ఇల్లు అంటుకుంటుంది. "ఫోను పట్టుకున్న ఆడది పొయ్యి మర్చిపోద్ది" అని వరండాలో అందరిముందూ అన్నదీ ఆమే మరి.

ఆదివారం పొద్దున వెంకట్రామయ్య ప్లాట్ల కాగితాలతో వచ్చాడు. ఎప్పుడూ వచ్చే అంకారావూ ఉన్నాడు. "ఏమే, ఇటు రా" అన్నాడు అమర్నాథ్. "రేపు బ్యాంకులో పనికి పదింటికల్లా తయారుగా ఉండు."

మల్లీశ్వరి టీ పళ్ళెం బల్ల మీద పెట్టింది. పెట్టి లోపలికి పోలేదు. ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చుంది. ఆ వరండాలో ఆమె కూర్చోవటం అదే మొదలు.

"ఆ డబ్బు కుదరదండీ. దాని మీద బయానా ఇచ్చేశా."

"బయానానా? ఎవరికి? దేనికి?"

"మేడ మీద పిల్లలకి. ఫోన్లో ఆటలు తయారుచేసే కంపెనీలో వాటాకి."

"ఆటల మీదా!" అన్నాడు అంకారావు గుండె మీద చెయ్యేసుకుని. "మా మేనల్లుడు అట్టాగే ట్రాక్టరు పోగొట్టాడు వదినా!"

"అది పందెం అన్నయ్యా. నేను ఆడటానికి కాదు, తయారుచేయటానికి పెట్టా. పందేల ఆట జోలికి పోకూడదని వాళ్ళ దగ్గర మాట కూడా తీసుకున్నా."

అమర్నాథ్ మొహం కందగడ్డయింది. "నీకేం తెలుసని పెట్టావే? ఇప్పుడే పోయి వెనక్కి తీసుకురా."

ఆమె ఏమీ అనకముందే అంకారావు గొంతు సవరించుకున్నాడు. పోయినేడు పాపం తన చేను తక్కువ ధరకి బయానా పుచ్చుకుని, నెల తిరక్కుండా రేటు పెరిగితే లబోదిబోమన్నాడు. ఇదే వరండాలో ఇదే అమర్నాథ్ అతని నోరు మూయించాడు. "అదెట్టా కుదురుద్ది అన్నా? బయానా ముడితే ముట్టినట్టే అన్నావుగా. నాకొక న్యాయం, నీ ఇంటికొకటా?"

వెంకట్రామయ్య కళ్ళద్దాలు సర్దుకుని, "సాక్షి లేంది బయానా బయానా కాదమ్మా. సాక్షెవరు?" అన్నాడు.

మల్లీశ్వరి గడపవైపు చూసింది. లోపల నాగేంద్రమ్మ వెల్లుల్లి ఒలుస్తోంది. ఆమె చేతులు ఆగాయి.

"నేనేరా అమరా" అంది ముసలామె అక్కడ్నించే. "నా కళ్ళముందే ఇచ్చింది. నువ్వు మాట తప్పిస్తే నేను అబద్ధాలకోరునైతా. టీలు చల్లారిపోతన్నాయి, తాగండి."

ఏం చేస్తాడు? తాగాడు. వెంకట్రామయ్య కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. మధ్యాహ్నం అమర్నాథ్ అలిగి అన్నం వద్దన్నాడు. మామూలుగా అయితే మల్లీశ్వరి పళ్ళెం పట్టుకుని వెనకే తిరిగేది. ఈసారి గుత్తివంకాయ కూర వేసుకుని కడుపునిండా తినేసింది. సాయంత్రానికి ఆయనే వంటింట్లోకొచ్చి గిన్నెల మూతలు తీసి, వడ్డించుకుని తిన్నాడు. తినేటప్పుడు నేల చూపులు చూస్తూ, "ఇంతకీ దాంట్లో మనకెంత వాటా?" అని అడిగాడు.

"నాకు రూపాయికి పదిహేను పైసలు" అంది మల్లీశ్వరి.

సోమవారం పొద్దున్నే స్నానం చేసి, నీలం చీర కట్టుకుని, బ్యాంకుకి ఒక్కతే పోదామని ఆటో పిలిచింది. ఎక్కి కూర్చున్నదో లేదో వెనకనుంచి "ఆగవే" అని కేక. నాగేంద్రమ్మ పెట్టెలో ఉండే పట్టంచు చీర కట్టుకుని, కర్ర ఊపుకుంటూ వస్తోంది. ఆటోవాడు చెయ్యిస్తే తోసేసి తనే ఎక్కింది.

"మీరెందుకు అత్తమ్మా ఎండలో?"

ఆటో కోటప్పకొండ రోడ్డు దాటి బజార్లోకొచ్చేదాకా ముసలామె బయటికి చూస్తూనే ఉంది. తర్వాత రొంటిన దోపిన మూట తీసి ఒళ్ళో విప్పింది. చేతిరుమాలులో రెండు బంగారు గాజులున్నాయి.

"మా నాయన పెట్టినయ్యి. నాకని మిగిలినయ్యి ఇవే. ఏమే, ఆ పిల్లల దగ్గర ఇంకా వాటాలున్నయ్యా?"

జవాబుకి ఆగకుండా ముసలామె గాజులు మళ్ళీ మూటగట్టి కోడలి చేతిలో పెట్టి వేళ్ళు ముడిచింది.

"ఉంటే రాయమను. ఫలానా ఆయన భార్య, ఫలానా ఆయన తల్లి, అయ్యేం వద్దు. నాగేంద్రమ్మ అని ఒక్కటే రాయమను."