ఆయిల్ మూత

లాండ్రీ షాపు మూసేసి ఇంటిపట్టున ఉంటున్న అత్తగారికి ఒకరోజు అల్లుడు ఫోన్ చేసి, "ఆదివారం ఖాళీయేనా అత్తయ్యా? హెలికాప్టర్ ఎక్కిస్తాను," అన్నాడు. ఆవిడ నోరు తెరిచింది. హెలికాప్టర్ సంగతి అలా ఉంచి, ఈ అల్లుడు తనంతట తాను ఫోన్ చేయడమే పెద్ద వింత. మనిషి బంగారమే గానీ, పెళ్ళయిన నాటినుంచీ ఆవిడతో అన్న మాటలన్నీ పోగేసినా ఓ పేజీ నిండదు.

కూతురు పిల్లల పరీక్షలని ఇంట్లోనే ఉండిపోయింది. ఆవిడ మాత్రం కొత్త బట్టలు కట్టుకుని పొద్దున్నే హెలికాప్టర్ షెడ్డు దగ్గరికి చేరుకుంది. ఊరు చూడవచ్చిన వాళ్ళను గాల్లో తిప్పి దించడం అల్లుడి ఉద్యోగం. ఎగిరే ముందు అతను హెలికాప్టర్ చుట్టూ తిరుగుతూ ఒక్కొక్కటీ తడిమి చూస్తున్నాడు. ఇంజన్ పక్క తలుపు తీసి, ఆయిల్ మూత విప్పి, తగ్గిన ఆయిల్ పోశాడు. సరిగ్గా అప్పుడే ఆవిడ కేకేసింది.

"బాబూ, ఎండ ముదరకముందే ఒక్క ఫోటో దిగుదాం, రా!"

అతను చేతిలోని మూత ఇంజన్ పక్కన పెట్టి వచ్చాడు. ఆవిడకి ఒక్కదానితో తనివి తీరితేగా! ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి. ఎట్టకేలకు వెనక్కి వెళ్ళిన అల్లుడు ఆ తలుపు మూసేసి, తోక వైపు నడిచాడు. మూత పెట్టనేలేదు.

గాల్లోకి లేవగానే ఆవిడ చిన్నపిల్లలా కేరింతలు కొట్టింది. నది దాటారో లేదో, అల్లుడి ముందు ఎర్ర దీపం వెలిగింది.

"బెల్టు గట్టిగా బిగించుకోండి అత్తయ్యా. దిగిపోతున్నాం."

"అప్పుడేనా?"

"ఆయిల్ పోతోంది. దిగాలి."

దున్నిన పొలంలో ధన్‌మని పడ్డారు. తోక గట్టుకు తగిలి విరిగింది. ఆవిడ మణికట్టు బెణికింది, కళ్ళజోడు ఎటో ఎగిరిపోయింది. ప్రాణాలకు మాత్రం ఢోకా లేకపోయింది.

అల్లుడు ఆవిడను దూరంగా కూర్చోబెట్టి, కాసేపాగి వెళ్ళి ఇంజన్ తలుపు తీశాడు. లోపలంతా ఆయిలే. తిరిగొచ్చి గట్టుమీద కూలబడ్డాడు. "మూత పెట్టడం మర్చిపోయానత్తయ్యా."

ఆవిడ నెత్తి కొట్టుకుంది. "నా ఫోటోల పిచ్చే కొంప ముంచింది. మూత దానంతటదే ఊడిందని చెప్పెయ్యి బాబూ. చూసొచ్చిందెవరు?"

"మీరు పిలిస్తే వచ్చాను, అందులో మీ తప్పేముంది? మధ్యలో ఆగినప్పుడు మళ్ళీ మొదటినుంచి చూడాలి. అది నా పని. ఇప్పుడు అబద్ధం చెబితే రేపు ఇంకొకడు ఇలాగే పడతాడు. వాడు బతుకుతాడో లేదో!"

ఆవిడ బాగున్న చేత్తో అతని చేయి పట్టుకుంది. కబురందుకున్న హెలికాప్టర్ల యజమాని జీపులో వచ్చేదాకా అల్లుడు మాట్లాడుతూనే ఉన్నాడు: తను భయపడిన రోజులు, పిల్లలకు చెప్పకుండా దాచిన కబుర్లు, ఇంట్లో భార్య చేతిలో తినే చీవాట్లు.

"నీకిన్ని మాటలొచ్చా? ఇన్నాళ్ళూ ఏ అటక మీద దాచావయ్యా!" అంది ఆవిడ. ఇద్దరూ పగలబడి నవ్వారు.

యజమానికి అతను ఉన్నదున్నట్టు చెప్పేశాడు. ఆయన కోప్పడ్డాడు, మళ్ళీ శిక్షణ పూర్తయ్యేదాకా ఎగరొద్దన్నాడు. మిగతా పైలట్లందరికీ అతని చేతే జరిగింది చెప్పించాడు. కూతురు ఇద్దర్నీ కలిపి వాయించింది.

అల్లుడు మళ్ళీ పనిలో చేరాక, "వస్తారా?" అని మొహమాటంగా అడిగాడు.

"గుండె గుబగుబలాడుతోంది గానీ, వస్తాను," అంది ఆవిడ.

ఈసారి బల్లమీద కూర్చుని కిమ్మనలేదు. అల్లుడు సగం చూశాడో లేదో యజమాని వచ్చి ఏదో అడిగాడు. అతను జవాబు చెప్పి, హెలికాప్టర్ ముక్కు దగ్గరికెళ్ళి మళ్ళీ మొదటినుంచీ మొదలుపెట్టాడు. యజమాని తల ఊపి వెళ్ళిపోయాడు. ఆవిడ చెప్పులు విడిచి, ఎండలో కాళ్ళు చాపుకుంది. ఎంత ఆలస్యమైనా ఫరవాలేదనిపించింది.

పైకి లేచినప్పుడు సీటు అంచు గట్టిగా పట్టుకుంది. కాసేపటికి పట్టు సడలింది. ఆ హోరులో, ఆ మెత్తటి ఊపులో కళ్ళు బరువెక్కాయి. అల్లుడు నదిని చూపించబోయి పక్కకు తిరిగితే, అత్తగారు నోరు తెరుచుకుని హాయిగా నిద్రపోతోంది.