చేపతోక సంతకం

రంగూన్లో పుట్టి, పద్నాలుగో ఏట ఓడెక్కి వచ్చి, రాజమండ్రిలో పదేళ్ళు దుకాణాల బోర్డులు రాసిన అప్పారావు, బ్యాంకు ఉద్యోగం వచ్చాక కుంచె ముట్టలేదు. చేతి దురద మాత్రం పోలేదు మరి! ఈ రేవు బ్రాంచికి ఆఫీసరుగా వచ్చి, వేలిముద్రలు వేసే చేపలమ్మే ఆడవాళ్ళందరికీ సంతకం నేర్పాడు. అక్షరాలు రానివాళ్ళు కదా, ఒక్కొక్కరి పేరూ అట్టముక్క మీద బొమ్మలా గీసిచ్చి, చూసి దించమన్నాడు. ఊరుకోక, చివర చేపతోక లాంటి వంపొకటి తగిలించాడు. ఆ సరదాయే ఇవాళ కొంప ముంచింది.

వాళ్ళలో బుల్లెమ్మ అనే ఆమె ఖాతాలోంచి ఎనిమిది వేలు ఎవరో దొంగ సంతకం పెట్టి తీసుకుపోయారు. తాను తీయలేదని ఆమే వచ్చి గోల పెట్టింది. సంత రోజు రద్దీలో ఎవరికిచ్చాడో క్యాషియర్‌కి గుర్తు లేదు. రాజమండ్రి నుంచి తనిఖీకి వచ్చిన మురళీకృష్ణ గారు అప్పారావు ముందు తెల్లకాగితం పెట్టి, బుల్లెమ్మ సంతకం గీసి చూపించమన్నారు.

ముందు నుయ్యి, వెనక గొయ్యి. బాగా గీస్తే దొంగ, వంకరగా గీస్తే నటన. ఇరవయ్యేళ్ళ ఉద్యోగం ఊడేలా ఉంది. అయినా కావాలని చెడగొట్టడానికి చెయ్యి రాలేదు, గీసేశాడు. పక్కన పెట్టి చూస్తే దొంగ సంతకానికీ దానికీ వెంట్రుకవాసి తేడా లేదు.

"ఇంకేం చెప్తారండి?" అన్నారు మురళీకృష్ణ గారు.

అప్పారావు, తాను గీసిచ్చిన అట్టముక్క దొరికితే ఎవరైనా ఇలాగే దించగలరన్నాడు. అదెక్కడుందని ఆయన బుల్లెమ్మనడిగారు. ఆమె పాసుపుస్తకం అట్ట విప్పింది. లోపల లేదు. మొన్న ఆ పుస్తకం కొడుకు చిట్టియ్య చేతిలో ఎందుకుందో అప్పుడు తట్టిందామెకి. నిజం చెబితే కొడుకు జైలుకి, చెప్పకపోతే ఈ మహానుభావుడు వీధిలోకి.

"నేనే తీసుకున్నానండి," అంది తల దించుకుని. "మర్చిపోయానండి. ఈ బాబుగారి తప్పేం లేదండి."

మురళీకృష్ణ గారు ఆమెని నానా మాటలూ అని, ఆ ముక్కే కాగితం మీద రాయించి సంతకం పెట్టమన్నారు. అప్పారావుకి సంగతంతా అర్థమైంది. అయినా పెన్ను అందించాడు. ఆమె దాన్ని పక్కకి నెట్టి ఎడమచేతి బొటనవేలు చాపింది.

"ముద్రే వేయించుకోండి బాబుగారూ. ఇదైతే ఎవరూ దించలేరు."

ఎన్ని వేళ్ళు పట్టుకుని ఎన్ని ముద్రలు వేయించాడో లెక్కలేని అప్పారావు, ఆ ఒక్క వేలూ పట్టుకోలేక ఏడ్చేశాడు.