కర్రముక్కల పొక్లెయిన్

అనూరాధది భోగాపురం దగ్గర చేపలమ్ముకునే కుటుంబం. విమానాశ్రయం పుణ్యమా అని చుట్టుపక్కల ఎటు చూసినా ఎవరో ఒకరు మట్టి తవ్వుతూనే ఉన్నారు కాబట్టి, ఆ తవ్వేవాళ్లలో తానూ ఉండాలనుకుంది. పొక్లెయిన్ నడపడం నేర్పే నలభై అయిదు రోజుల కోర్సులో చేరింది.

శిక్షణ కేంద్రంలో పొక్లెయిన్ ఉంది. అందులో పోయడానికి డీజిలే లేదు. అంత చిన్న లోటును మాస్టారు నరసింగరావు చదువుకు అడ్డం రానివ్వలేదు. ఇరవై మందినీ ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెట్టి, మనిషికి రెండేసి కర్రముక్కలిచ్చి, అవే లీవర్లనుకోమన్నారు.

"ఎడమ సెయ్యి పక్కకి తొయ్యండి. ఇప్పుడు బండి తిరిగింది" అనేవారు.

లేని బండిలో ఇరవై మందీ శ్రద్ధగా తిరిగేవారు.

మూడో వారంలో అనూరాధ లేచి అడిగింది. "మాస్టారూ, నిజం బండి ఎప్పుడెక్కుతాం?"

"ముందు మనసులో ఎక్కాలమ్మా. మనసు కుదిరితే బండి దానంతటదే వస్తాది."

మనసు కుదిరేదాకా ఆగే ఓపిక ఆమెకు లేదు. పొక్లెయిన్‌తో రొయ్యల చెరువులు తవ్వే మేనమామ ఎల్లాజీ దగ్గరికి రోజూ పొద్దున్నే వెళ్లడం మొదలుపెట్టింది.

"గట్టు ఇరగ్గొడితే నువ్వే పారతో ఏస్తావు. ఎక్కు" అన్నాడతను.

రెండుసార్లు విరగ్గొట్టింది. రెండుసార్లూ పారతో వేసింది.

నలభయ్యో రోజున పెద్ద అధికారి తనిఖీకి వస్తున్నారని కబురొచ్చింది. ఆశ్చర్యంగా దాని వెనకే డీజిల్ కూడా వచ్చింది. అధికారి ముందు తానే నడిపి చూపించాలని నరసింగరావుకు ముచ్చటేసింది. బండెక్కి పదేళ్లయిందన్న సంగతి ఆయన మరిచిపోయినా, బండి మరిచిపోలేదు. నేరుగా షామియానా మీదికి వచ్చింది. అధికారి కుర్చీ వదిలి చాలా హుందాగా పరుగెత్తారు. మాస్టారు కంగారుగా పక్కకు తిప్పేసరికి, వానకు నానిన గోతిలో చైన్లు దిగబడిపోయాయి.

ఎంత కదిపితే అంత కూరుకుపోతోంది. మాస్టారు ఏ లీవరు పట్టుకోవాలో తెలియక తడుముకోవడం చూశాక అనూరాధకు నవ్వు రాలేదు. క్యాబిన్ దగ్గరికి వెళ్లి, ఆయనకు మాత్రమే వినపడేలా అంది. "దిగండి మాస్టారూ. నాను సూస్తాను."

"నీకేటి తెలుసమ్మా? ఈ పాఠం మనం ఇంకా సెప్పుకోనేదు."

"మా మావ సెప్పాడండి."

ఎక్కి కూర్చుంది. తొండాన్ని గట్టినేల వైపు తిప్పి, బకెట్ పళ్లు లోతుగా గుచ్చి, తనవైపు లాగుతూ చైన్లు తిప్పింది. మొదటిసారి జారింది. ఇంకాస్త ముందుకు చాపి మళ్లీ గుచ్చింది. బండి మూలిగి, మెల్లగా పైకొచ్చింది.

అధికారి చెమట తుడుచుకుని నరసింగరావుకు శాలువా కప్పారు. దిగబడిన బండిని ఎలా తీయాలో నేర్పడానికే మాస్టారు కావాలని దింపారని, ఇలాంటి గురువులు అరుదని ప్రసంగించారు. మాస్టారు కాదనలేదు.

అందరూ వెళ్లాక మాత్రం శాలువా మడిచి ఆమె చేతిలో పెట్టబోయారు.

"నాకెందుకండీ అది? బండి తాళం ఇవ్వండి. ఇంకా అయిదు రోజులున్నాయి. మిగిలినోళ్లు ఒక్కసారీ ఎక్కనేదు."

ఆయన జేబులో చెయ్యి పెట్టారు. తాళం తీసి ఇచ్చారు.

మర్నాడు పొద్దున్న అనూరాధ ఒక్కొక్కరినే క్యాబిన్ ఎక్కించి, పక్కన నిలబడి నేర్పసాగింది. పందొమ్మిది మంది అయిపోయాక చూస్తే, వరుసలో ఇంకొకరున్నారు. నరసింగరావు మాస్టారు, చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని.