నాలుగో ఫోటో

నాలుగో నంబరే, సందేహమే లేదు, అని క్లాసందరి ముందూ అంత గట్టిగా ఎలా చెప్పింది తను, రైలు పాయా లేబర్ స్టేషను దాటింది, తన్మయి ఒళ్లో బ్యాగు, బ్యాగులో యూనివర్సిటీ అప్లికేషను, పాలిటెక్నిక్‌లో క్రిమినల్ జస్టిస్ డిప్లొమా ఇంకో నెలలో అయిపోతుంది, తర్వాత డిగ్రీ, అంతా సవ్యంగానే ఉండేది ఈ మధ్యాహ్నం పాఠం చెప్పే మిస్ గోహ్‌కి ఆ బుద్ధి పుట్టకపోతే, పాఠం మధ్యలో ఎవడో చొరబడి ఆవిడ హ్యాండ్‌బ్యాగు లాక్కుని పారిపోయాడు, అందరూ కెవ్వుమన్నారు, ఆవిడ మాత్రం నింపాదిగా తొమ్మిది ఫోటోలు బల్ల మీద పరిచి ఎవరో చెప్పండి అంది, తను నాలుగోదాని మీద వేలు పెట్టింది, ష్యూర్ ఆ, అందావిడ, కన్‌ఫర్మ్ లా, అంది తనూ అక్కడి ఇంగ్లీషు యాసలోనే, ఆ నాలుగోవాడు రోజూ క్యాంటీన్‌లో తమకు కరీ పఫ్‌లు అమ్మే మనిషని చెబితే క్లాసంతా పడీ పడీ నవ్వింది, తనూ నవ్వింది, దొంగతనమంతా ఆవిడ ఆడించిన నాటకమేనట, బ్యాగు లాక్కున్నవాడి ఫోటో ఆ తొమ్మిదిలో అసలు లేనే లేదట, బెదిరిన మనసు తెలిసిన ముఖం ఏది కనిపిస్తే దాన్నే పట్టుకుంటుందట, పరీక్షకొస్తుంది రాసుకోండి అంటే బుద్ధిగా రాసుకుంది కూడా, రాస్తూ తెలిసిన ముఖం అన్న చోట పెన్ను ఆపేసింది.

రైలు సొరంగంలోకి దిగింది, కిటికీ నల్లబడింది, అద్దంలో ఎదుటి సీట్లవాళ్ల ముఖాలు వరుసగా, పరిచిన ఫోటోల్లా, ఎవర్ని చూసినా ఎక్కడో చూసినట్టే ఉంది, రెండేళ్ల కిందట జురాంగ్ వెస్ట్‌లో తమ బ్లాకు లిఫ్టు దగ్గర అమ్మ మెడలో గొలుసు ఎవడో తెంపుకుపోయాడు, అమ్మ కళ్లు మూసేసుకుంది, తను చూసింది, చూసిందా, పోలీసులు ఫోటోలు చూపిస్తే ఇతనే అంది, నూకరాజట, షిప్‌యార్డులో పనట, గొలుసు మాత్రం ఎక్కడా దొరకలేదు, జైలు, తర్వాత వర్క్ పర్మిట్ రద్దు చేసి సొంతూరికి పంపేశారు, గుళ్లో ఆంటీలందరికీ తను పోలీసమ్మ అయింది, ఊరంతా కంప్యూటర్ల వెంట పడుతుంటే మా అమ్మాయి దొంగల వెంట పడిందని రాఫెల్స్ ప్లేస్ ఆఫీసులో తోటి ప్రోగ్రామర్లందరికీ నాన్న చెప్పుకు మురిసిపోయాడు, అప్లికేషనులో మొదటి వాక్యమూ అదే, పదిహేడేళ్లకే ఒక దొంగను పట్టించాను, అని.

కానీ ఆ ముఖం తనకు ముందే తెలుసు, ఎవరూ అడగలేదు, తనూ చెప్పలేదు, ఆదివారాలు బ్లాకు కింద కార్డు ఫోను దగ్గర నిలబడి అతను ఊళ్లో ఉన్న కూతురితో, ఏటమ్మలూ, బువ్వ తిన్నావేటి, అని మాట్లాడుతుండేవాడు, తమ ఇంటి బయట ఆ బ్లాకులో వినిపించే తెలుగు అదొక్కటే, అది వినడానికే తను కావాలని నెమ్మదిగా నడిచేది, ఆ మాటంటే అంత ఇష్టం, ఇప్పుడు కళ్లు గట్టిగా మూసుకుంటే గొలుసు లాగిన చెయ్యి గుర్తొస్తోంది, పరుగెత్తిన చెప్పుల చప్పుడు గుర్తొస్తోంది, పైకి చూస్తే ముఖం ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఒట్టి ఖాళీ, ఆ ఖాళీలోకి మెల్లగా నూకరాజు ముఖం వచ్చి కూర్చుంటోంది, రిసీవరు చెవికి ఆనించుకుని, నవ్వుతూ.

అప్పుడు పోలీస్ స్టేషన్‌లో ఎదురుపడ్డప్పుడూ అలాగే నవ్వాడు, పాపా, నేను నీకు తెలుసు గదా, ఈళ్లకి సెప్పమ్మా, అన్నాడు, తను ఆఫీసరు వైపు తిరిగి ఇంగ్లీషులో, అవును, ఇతనే, అంది, ఇంగ్లీషు రాని నూకరాజు తన తరఫునే చెప్పిందనుకుని రెండు చేతులూ జోడించి, సల్లంగుండు తల్లీ, అన్నాడు, దిగాల్సిన చోటు వచ్చి వెళ్లిపోయింది, తన్మయి లేవలేదు, భయమేస్తోంది, సిగ్గేస్తోంది, దొంగను తను చూడనే లేదు, దొంగ నేను కాదని అతను చెప్పాడు, ఎవరూ నమ్మలేదు, ఇక చెప్పగలిగింది తనొక్కతే.